కోనసీమ టూరిజం: డబ్బు ఎటు పోతోంది, నీళ్లు ఎవరు తాగుతున్నారు, గట్టు ఎవరిది

మొన్న సంక్రాంతికి మా ఊరి కాలవ గట్టు మీద గంట సేపు ఇరుక్కుపోయాను. గట్టు రోడ్డు ఎంతుంటుందో మనవాళ్లకి చెప్పక్కర్లేదు, ఎదురుగా ట్రాక్టరు వస్తే సైకిలు దిగి తుమ్మచెట్టుకి ఆనుకుని నిలబడాల్సిందే. అలాంటి గట్టు మీద హైదరాబాద్ కార్లు వరసగా ఆపేసి కొబ్బరిచెట్ల మధ్య రీల్స్ తీసుకుంటున్నారు. నా ముందు గడ్డి ట్రాక్టరు, దాని ముందు పాల క్యాన్లు కట్టుకున్న మోటార్‌సైకిల్, పాలకేంద్రం మూసేస్తారని ఆయన హారన్ మీద నుంచి చెయ్యి తియ్యట్లేదు. పైన డ్రోన్ ఒకటి గుయ్యిమంటూ తిరుగుతోంది, రేవులో గిన్నెలు తోముకుంటున్న ఆడవాళ్లు తలెత్తి చూసి కొంగు కప్పుకుని సగం గిన్నెలు అలాగే పట్టుకుని లోపలికి పోయారు. గట్టు చివర బొండాలు కొట్టే కుర్రాడు మాత్రం మంచి హుషారుగా ఉన్నాడు. "ఆయ్, మూడు గెలలు అయిపోయాయండి, ఇంకో రెండు దింపమన్నాను" అన్నాడు.

పాలాయన కోపం, బొండాల కుర్రాడి సంతోషం రెండూ ఒకే గట్టు మీద, ఒకే గంటలో చూశాను. ఇప్పుడు టూరిజం గురించి జరుగుతున్న గొడవంతా ఈ ఇద్దరి మధ్యే ఉంది. రాష్ట్రంలో టూరిజానికి ఇండస్ట్రీ హోదా ఇచ్చారు, హోమ్‌స్టేలు పెట్టమంటున్నారు, 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, ఊరికో రిసార్ట్ బోర్డు లేస్తోంది. ఇది ఊరికి మంచిదా చెడ్డదా అని అడిగితే ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు, ముందు కొన్ని మాటలు విడమర్చుకోవాలి.

## రిసార్ట్, హోమ్‌స్టే, వచ్చి పోయేవాళ్లు: మూడూ ఒకటి కాదు

పల్లె టూరిజం అంటే పల్లెలో ఉండే పొలం, నీళ్లు, తిండి, పండగ, పని చూడ్డానికి బయటివాళ్లు రావడం. ఇందులో మూడు రకాలున్నాయి, మనం మాట్లాడేటప్పుడు మూడింటినీ కలిపేసి కొట్టుకుంటాం.

రిసార్ట్ అంటే వ్యాపారం కోసమే కట్టిన చోటు. దిండిలో టూరిజం వాళ్లది ఉంది, తర్వాత ప్రైవేటువి చాలా వచ్చాయి. హోమ్‌స్టే అంటే ఇంటివాళ్లు ఉంటున్న ఇంట్లోనే ఒకటో రెండో గదులు అద్దెకివ్వడం. కేంద్ర టూరిజం శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ స్కీమ్‌లో ఒకటి నుంచి ఆరు గదుల దాకానే ఒప్పుకుంటారు, ఇంటివాళ్లు అక్కడే కాపురం ఉండాలి. ఓనర్ హైదరాబాద్‌లో ఉండి ఇక్కడ వాచ్‌మన్‌ని పెట్టి పది గదులు అద్దెకిస్తూ 'హోమ్‌స్టే' అని బోర్డు పెడితే అది లాడ్జే. మూడో రకం పొద్దున వచ్చి సాయంత్రానికి పోయేవాళ్లు. సంక్రాంతికి, అంతర్వేది తీర్థానికి, ఆదివారాలు లొల్ల లాకుల దగ్గరికి వచ్చే జనంలో ఎక్కువమంది వీళ్లే, కానీ టూరిజం మీటింగుల్లో వీళ్ల ఊసు పెద్దగా ఎత్తరు.

ఇంకో రెండు మాటలు. ఒకటి 'లీకేజ్', అంటే టూరిస్టు ఖర్చుపెట్టిన డబ్బులో ఊళ్లో నిలవకుండా బయటికి జారిపోయే భాగం, చిల్లుకుండలో నీళ్లలాగ. రెండోది 'క్యారీయింగ్ కెపాసిటీ', ఒక చోటు పాడవకుండా, అక్కడివాళ్ల బతుకు ఆగకుండా ఎంతమందిని మోయగలదు అనే లెక్క. ఒక ఊరికి ఇంతమంది అని దానికి ఒకటే నంబర్ ఉంటుందనుకుంటారు, అలా ఉండదు. గట్టు రోడ్డుకి ఒక నంబరు, మంచినీళ్ల చెరువుకి ఒక నంబరు, రేవుకి ఒక నంబరు ఉంటాయి, వాటిలో ఏది చిన్నదో అదే ఊరి నంబరు.

## సీనరీ అనేది ఎవడో ఒకడి పని

కోనసీమని దేవుడు ఇలా ఆకుపచ్చగా పుట్టించి వదిలేశాడని బయటివాళ్ల నమ్మకం. గౌతమికి వశిష్ఠకి మధ్య, మధ్యలో వైనతేయ చీల్చుకుంటూ పోయే ఈ నేల గోదావరి తెచ్చిపోసిన మట్టే, అది నిజం. కానీ ఆ పచ్చదనం చాలామటుకు పని వల్ల వచ్చింది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెడితే 1852కి అయింది, ఆ తర్వాతే కాలవలు, లాకులు, పి.గన్నవరం అక్విడక్టు (పాయ మీదుగా కాలవని దాటించే వంతెన), రెండు పంటలు. కాలవలో గుర్రపుడెక్క తీసేవాళ్లు, డ్రెయిన్ పూడిక తీసేవాళ్లు, గట్టు వేసేవాళ్లు, కొబ్బరి దింపు కార్మికులు, ఒలుపు కార్మికులు వీళ్లంతా ఏడాది పొడుగునా పనిచేస్తేనే ఫొటోలో ఆ పచ్చదనం పడుతుంది.

పని ఆగితే ఏమవుతుందో కూడా చూశాం. రాజోలు వైపు శంకరగుప్తం డ్రెయిన్‌లో సముద్రపు నీళ్లు ఎగదన్ని కొబ్బరితోటలు తలలు ఊడిపోయి మొండి స్తంభాల్లా నిలబడ్డాయి. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు లేదని, మురుగు దిగట్లేదని వేల ఎకరాల్లో నాట్లు మానేసి క్రాప్ హాలిడే ప్రకటించారు ఇక్కడి రైతులు. అంటే టూరిస్టు డబ్బిచ్చి చూసే బొమ్మని నిలబెట్టే మనిషికి ఆ డబ్బులో వాటా లేదు. రిసార్ట్ బాల్కనీ ముందు ఉన్న వరిచేను రిసార్ట్ వాడిది కాదు, దాన్ని కౌలుకి చేసే వాడికి ఆ బాల్కనీ గది అద్దె ఎంతో కూడా తెలియదు. ఇక్కడ చాలా పొలం కౌలు రైతులే చేస్తున్నారు, అదీ ఎక్కువమటుకు నోటిమాట కౌలు. పొలం యజమాని ఆ చేనుని రిసార్ట్‌కి లీజుకిచ్చాడనుకోండి, కాగితం మీద అది ఇద్దరు మనుషుల మధ్య బేరం, మూడోవాడు పంట కోసుకుని వెళ్లిపోతాడు, వాడి పేరు ఏ కాగితం మీదా ఉండదు.

## ఇరవై వేలు ఊళ్లోకి వస్తే ఎంత ఆగుతుంది

లెక్క అర్థమవడానికి అంకెలు నేనే వేస్తున్నాను, మీ ఊరి అంకెలు వేసుకుని మళ్లీ చేసుకోవచ్చు.

హైదరాబాద్ నుంచి ఒక కుటుంబం, నలుగురు, రెండు రోజులకి వచ్చారు. రిసార్ట్‌లో దిగారు, మొత్తం 20,000 ఖర్చయింది. అందులో గది 12,000, తిండి 5,000, బోటు 2,000, బొండాలు పూతరేకులు ఆటో కలిపి 1,000. గది డబ్బులో బుకింగ్ యాప్ కమీషన్ ముందే పోయింది, మిగిలింది ఓనరు అకౌంట్‌కి, బ్యాంకు అప్పుకి, కరెంటు బిల్లుకి. ఊళ్లో ఆగేది తోటమాలి, గదులు ఊడ్చే ఆవిడ, వంటింట్లో హెల్పర్ల జీతాల వాటా 2,500 అనుకుందాం. తిండిలో చేపలు, కూరగాయలు దగ్గర కొంటే 1,500. బోటు నడిపే సరంగుకి 500. బొండాల దగ్గర 1,000. మొత్తం 5,500.

ఇదే కుటుంబం హోమ్‌స్టేలో దిగితే గది 4,000, భోజనాలు 3,000, ఊరి ఆటో 1,500, పడవ 1,500, పూతరేకులు గట్రా 1,000, మొత్తం 11,000. ఇందులో గ్యాసు, నూనె, డీజిలు, పేపర్ ప్లేట్లు లాంటి బయట సామానుకి 2,500 పోయినా 8,500 ఊళ్లోనే తిరుగుతుంది. ఖర్చు సగానికి దగ్గరగా తగ్గింది, ఊళ్లో ఆగింది మాత్రం పెరిగింది.

ఇక మూడో రకం. విజయవాడ నుంచి కారులో ఐదుగురు. బిర్యానీ పార్శిలు దారిలో కట్టించుకున్నారు, వాటర్ బాటిళ్లు డిక్కీలో ఉన్నాయి. గట్టు మీద తిన్నారు, ఫొటోలు దిగారు, ఐదు బొండాలు తాగారు. రెండు మూడొందలు. బిర్యానీ డబ్బాలు మాత్రం కాలవలో వదిలారు. వాటిని తియ్యాల్సింది పంచాయతీ గ్రీన్ అంబాసిడర్, అదే పారిశుధ్య కార్మికుడు, పండగ మూడు రోజులూ ఆయనకి రెట్టింపు పని, జీతం మాత్రం అదే.

ఇంతవరకు చదివి హోమ్‌స్టే మంచిది రిసార్ట్ చెడ్డది అని తేల్చేసుకోకండి. రిసార్ట్‌లో పనిచేసే అమ్మాయికి నెల తిరిగేసరికి జీతం వస్తుంది, హోమ్‌స్టే ఆవిడకి డిసెంబర్, జనవరిలో ఊపిరాడదు, ఆగస్టులో వరద వార్త టీవీలో రాగానే అన్నీ క్యాన్సిల్. రిసార్ట్ అయితే పంచాయతీకి పన్ను కడుతుంది, కనీసం కట్టాలి. హోమ్‌స్టే పెట్టాలంటే ముందు ఇవ్వడానికి ఒక గది ఉండాలి, వెస్ట్రన్ టాయిలెట్ ఉండాలి, ఏసీ ఉండాలి, అంటే పెంకుటిల్లో పోర్షనో ఉన్నవాడికే. కాలనీలో ఒక గది ఇంట్లో ఐదుగురు ఉండే కుటుంబానికి హోమ్‌స్టే పాలసీ వల్ల వచ్చేది ఏమీ లేదు, వాళ్లకి రిసార్ట్ ఉద్యోగమే దిక్కు. కాబట్టి లీకేజ్ తక్కువున్న దారిలో డబ్బు ఊళ్లో ఆగినా, అది ఊళ్లో ఎవరి చేతిలో ఆగింది అనేది ఇంకో లెక్క.

## నీళ్ల లెక్క అందరికంటే కష్టమైంది

చుట్టూ నీళ్లే, ఈ ఊళ్లకి నీళ్ల కరువేంటి అని నవ్వుతారు. సముద్రం వైపు మండలాల్లో బోరు వేసి చూడండి తెలుస్తుంది. అక్కడ నేల కింద ఉప్పునీళ్ల మీద మంచినీళ్లు పలచటి పొరలా తేలుతూ ఉంటాయి, పాల మీద మీగడలాగ. వాన, కాలవ ఊట ఆ మీగడని నింపుతాయి. చిన్న నుయ్యి, చేతి పంపు దానికి ఏం చెయ్యవు, కానీ ఒకే చోట పెద్ద మోటరు పెట్టి గంటలకి గంటలు తోడితే మీగడ పలచబడి కింద నుంచి ఉప్పు పైకి లేస్తుంది, అప్పుడు ఆ మోటరు వాడిదే కాదు పక్కింటి నుయ్యి కూడా చప్పగా ఉప్పగా అయిపోతుంది. రొయ్యల చెరువులతో ఇప్పటికే చాలా ఊళ్లు ఇది అనుభవించాయి, టూరిజం వచ్చి చేసిన పాపం కాదు. కానీ అదే కుండలోకి ఇంకో గరిటె.

ఇప్పుడు అంకెలు. జల్ జీవన్ మిషన్‌లో పల్లెలో మనిషికి రోజుకి 55 లీటర్లు అని లెక్క. హోటళ్లకి నీళ్లు ప్లాన్ చేసేటప్పుడు ఇంజినీర్లు వేసుకునే లెక్క మంచానికి రోజుకి 180 లీటర్లు. ఇరవై గదుల రిసార్ట్, నలభై మంచాలు, నిండితే రోజుకి 7,200 లీటర్లు. 55తో భాగిస్తే దాదాపు 130 మంది ఊరివాళ్ల వాటా. ఇక ఈతకొలను ఉంటే, చిన్నదే, పది మీటర్ల పొడుగు ఐదు మీటర్ల వెడల్పు, నడుం పైదాకా లోతు 1.2 మీటర్లు అనుకుంటే ఒకసారి నింపడానికి 60,000 లీటర్లు, వెయ్యిమందికి పైగా ఒక రోజు నీళ్లు. గోదావరి ఒడ్డున కూర్చుని ఈతకొలను ఎందుకో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు, కానీ అది లేకపోతే బుకింగులు రావంట.

7,200 లీటర్లు పెద్ద అంకె కాదు, ఒక ఎకరం వరి తాగేదాని ముందు ఇది ఉమ్మి నీళ్లు అని రిసార్ట్ వాళ్లు అంటారు, అందులో నిజం ఉంది. జూలైలో నిజం. ఏప్రిల్ దాటాక రబీ అయిపోయి కాలవలు కట్టేస్తారు, మళ్లీ జూన్‌లో వదులుతారు. ఆ మధ్యలో ఊరంతా ముందే నింపి పెట్టుకున్న మంచినీళ్ల చెరువు మీదే బతకాలి. సరిగ్గా అప్పుడే పిల్లలకి వేసవి సెలవులు, రిసార్టులు నిండేదీ అప్పుడే. కాబట్టి ఏడాది మొత్తం సగటు తీసి 'నీళ్లకి ఇబ్బంది లేదు' అని చెప్తే అది మే నెలలో బిందె పట్టుకుని నిలబడ్డావిడకి ఏమీ చెప్పినట్టు కాదు.

## పాయలో ఎవరు ముందు: వల, పంటు, హౌస్‌బోటు

నది కూడా రోడ్డు లాంటిదే ఇక్కడ. నది మధ్య లంక గ్రామాల్లో పిల్లలు బడికి, పెద్దాళ్లు ఆస్పత్రికి పడవ మీదే. సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు మీద, అంటే బళ్లు కూడా ఎక్కించుకునే పెద్ద పడవ మీద, దాటడం టూరిస్టుకి సరదా, ఊళ్లో వాడికి రోజువారీ ప్రయాణం. పంటు మీద పట్టేది కొన్ని బళ్లే, టూరిస్టు కారు ఎక్కిన చోట ఊరి బండి ఎక్కదు, తర్వాత ట్రిప్పుకి ఆగాల్సిందే.

వల వేసేవాళ్ల కష్టం వేరు. చీకటి పడ్డాక వల పాయకి అడ్డంగా వదిలి తెల్లారకముందు లాక్కుంటారు. మోటరు బోటు దాని మీద నుంచి పోతే ఫ్యాను రెక్కకి చుట్టుకుని పది గజాలు తెగిపోతుంది, వలకి బీమా లేదు, తెంపిన బోటు ఏదో చీకట్లో తెలియదు. అదే సమయంలో మత్స్యకారుల పిల్లలే కొందరు ఆ బోట్ల మీద సరంగులు, హెల్పర్లు. సముద్రంలో వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, ఆ రోజుల్లో టూరిస్టుల్ని తిప్పితే నాలుగు రాళ్లు వస్తాయి కదా అని ఆశ. వచ్చిన చిక్కేంటంటే చేపల బోటు మనుషుల్ని ఎక్కించుకునే బోటు కాదు. 2021 ఇన్‌ల్యాండ్ వెసల్స్ చట్టం ప్రకారం నదిలో తిరిగే మోటరు బోటుకి సర్వే, రిజిస్ట్రేషన్ ఉండాలి, లైఫ్ జాకెట్లు అవీ ఉండాలి. ఆ ఖర్చు పెట్టగలిగేవాడు మళ్లీ పెట్టుబడి ఉన్నవాడే. అలాగని రూలు సడలించమని అడగలేం. 2019 సెప్టెంబర్ 15న డెల్టాకి ఎగువన పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర వరదలో టూరిస్ట్ బోటు మునిగి పదుల ప్రాణాలు పోయాయి.

వరద అంటే గుర్తొచ్చింది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో మూడోది దాటి 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీళ్లు వదిలారు, లంకలు మునిగాయి. టూరిజం మీదే ఆధారపడిన కుటుంబానికి అలాంటి నెలలో పడవా నడవదు, గదీ నిండదు. పులస దొరికేది కూడా ఆ ఎర్రనీళ్ల కాలంలోనే, అప్పుడొచ్చేవాళ్లు తిండికోసం వచ్చేవాళ్లు. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత, ఇప్పుడు ఊళ్లో వాళ్లు పులస పట్టి అమ్ముతున్నారు తప్ప తినేది తక్కువ.

## ఒడ్డున ఎక్కడ కట్టొచ్చు: రూలు ఏమంటుంది

సీఆర్‌జెడ్ అంటే తీర ప్రాంత నియంత్రణ రూల్సు. ఇవి సముద్రం ఒడ్డుకే అనుకుంటారు చాలామంది. నదిలోకి కూడా వస్తాయి. ఎండాకాలంలో నీళ్లు బాగా తగ్గినప్పుడు లీటరుకి 5 గ్రాముల ఉప్పు ఎంతవరకు ఉంటుందో అంతవరకు పాయ కూడా తీరమే. 2019 నోటిఫికేషన్ ప్రకారం అలాంటి పాయ ఒడ్డున 50 మీటర్లు, లేదా పాయ వెడల్పు, రెండిట్లో ఏది తక్కువైతే అంతవరకు రూలు వర్తిస్తుంది. సముద్రం వైపు పల్లెల్ని జనం ఎంత ఒత్తుగా ఉన్నారో దాన్ని బట్టి రెండు రకాలు చేశారు. 2011 లెక్కల్లో చదరపు కిలోమీటరుకి 2,161 మందికి పైగా ఉంటే పోటు గీత (పోటు నీళ్లు ఎక్కే హద్దు) నుంచి 50 మీటర్లు, అంతకంటే తక్కువుంటే 200 మీటర్లు కట్టడాలు నిషేధం. మడ అడవులైతే ఇంకా గట్టి రూలు.

ఆ నోటిఫికేషన్‌లోనే ఇంకో ముక్క ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడరు. తీరం ఊళ్లల్లో మత్స్యకారులు, స్థానికులు ఉన్న ఇల్లు పెంచకుండా, రూపం మార్చకుండా దాన్నే హోమ్‌స్టేగా నడుపుకోవచ్చు. అంటే కొత్తగా కట్టేవాడికి అడ్డం పెట్టి, ఉన్నవాడికి దారి వదిలారు. కాగితం మీద బాగుంది. ఊళ్లో మాట ఏంటంటే పేదవాడు పాక ముందు రేకు దింపితే నోటీసు వస్తుంది, ఒడ్డున మూడంతస్తులు లేచినా రాదు. ప్రతిచోటా ఇలాగే ఉంటుందని నేననను, కానీ రూలు మీద నమ్మకం పోవడానికి ఒక్క బిల్డింగ్ చాలు.

మడ అడవి దగ్గర పరిమితి ఎలా పెట్టొచ్చో కాకినాడ దగ్గర కోరింగ చూస్తే తెలుస్తుంది. అక్కడ చెక్కల దారి వేశారు, జనం దాని మీదే నడవాలి, బురదలో దిగడానికి లేదు. పడవ కూడా పోటు ఉంటేనే తిరుగుతుంది, పాటు తగిలితే ఎంత డబ్బిచ్చినా కదలదు. టికెట్ కౌంటర్ కన్నా సముద్రమే గట్టిగా పరిమితి పెడుతోంది.

## చేను తొక్కితే తప్పా ఒప్పా

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడనివాళ్లు ఒకసారి చూడాలి. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు ప్రభలు (రంగుబట్టలతో అలంకరించిన ఎత్తైన వెదురు కట్టడాలు), ఏకాదశ రుద్రులు అంటారు, ఒక కొబ్బరితోటలో కలుస్తాయి. ప్రభ దారిలో వరిచేను అడ్డమొస్తే చుట్టూ తిరిగి పోరు, పచ్చటి చేలోంచే భుజాల మీద మోసుకుపోతారు, కాలవ అడ్డమొస్తే కాలవలోకే దిగుతారు. చేను నలిగిన రైతు ఏమీ అనడు, ప్రభ తన చేలోంచి పోతే మంచిదని సంతోషిస్తాడు. 2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో మన శకటం ఈ తీర్థం మీదే.

అదే రైతు వారం ముందు పెళ్లికి ముందు ఫొటోలంటూ వచ్చి నారుమడి తొక్కిన జంటని గట్టు మీద నుంచి కేకలేసి తోలేశాడు. తొక్కింది పది అడుగులే. నష్టం లెక్కేస్తే ప్రభల రోజుదే ఎక్కువ. ఇక్కడ రైతుకి లెక్క నష్టంలో లేదు, ఎవరి పని కోసం, ఎవర్ని అడిగి అనేదాంట్లో ఉంది. ప్రభ ఊరిది, మోసేవాళ్లు తెలిసినవాళ్లు, దారి తాతల నాటిది. ఫొటో జంట అడగలేదు. టూరిజం మీద ఊళ్లల్లో వచ్చే గొడవల్ని దగ్గరగా చూస్తే సగం ఈ అడగకపోవడం దగ్గరే మొదలవుతాయి, డబ్బు తర్వాత వస్తుంది. పాలాయన కూడా కార్లని చూసి తిట్టలేదు, 'కాస్త జరగండి బాబూ' అంటే ఎవరూ తల తిప్పకపోతే అప్పుడు తిట్టాడు.

ఇప్పుడు ఆ తీర్థానికే బయటి జనం పెరుగుతున్నారు. వీఐపీ గ్యాలరీలు, డ్రోన్లు. ఊరి పండగ చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువై ఊరివాళ్లకి నిలబడే చోటు లేకపోతే అది ఇంకా ఊరి పండగేనా అని కొందరు పెద్దలు అడుగుతున్నారు. మాకు పేరొస్తోంది కదా, రోడ్డు వేశారు కదా అని కుర్రాళ్లు అంటున్నారు.

## "ఊరు ఏమంటోంది" అని అడిగితే ఏ ఊరు?

మీటింగుల్లో 'స్థానికుల అభిప్రాయం' అంటారు, ఒకటే అభిప్రాయం ఉన్నట్టు. రోడ్డు పక్కన రెండెకరాల కొబ్బరితోట ఉండి కాయ ధర పడిపోయి, తెల్లదోమ పట్టి విసిగిపోయిన యజమానికి రిసార్ట్ వాడి లీజు వరం. ఆ తోటలో దింపు తీసి, ఒలిచి బతికేవాడికి పని పోవడం. ఆటో డ్రైవరుకి, పూతరేకులు చేసే ఆడవాళ్లకి ఎంత జనం వస్తే అంత మేలు. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, జనం వెతుక్కుంటూ వస్తున్నారు. ఇల్లు కట్టుకోవడానికి నాలుగు సెంట్లు కొనాలని గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేసి డబ్బు కూడబెట్టినావిడకి భూమి ధర పెరగడం శాపం. ఆవిడ కూతురు మాత్రం కువైట్ వెళ్లకుండా ఇక్కడే రిసార్ట్ రిసెప్షన్‌లో కూర్చుని జీతం తెచ్చుకుంటోంది. ఒకే ఇంట్లో రెండు లెక్కలు.

టూరిజం కావాలనేవాళ్ల వాదన బలంగా ఉండేది ఇక్కడే: వలస తగ్గాలంటే ఊళ్లో వ్యవసాయం కాని పని ఏదో ఉండాలి, రొయ్యల చెరువు, గ్యాస్ బావి కంటే నాలుగు గదులు నయం. వద్దనేవాళ్ల వాదన బలంగా ఉండేది ఇక్కడ: గదులు నాలుగు దగ్గర ఆగవు, ఆపే అధికారం ఊరికి లేదు. లీజు ఇద్దరి మధ్య, అనుమతులు పై ఆఫీసుల్లో, గ్రామసభకి వచ్చేసరికి పునాది లేచి ఉంటుంది. రెండు వాదనలూ నిజమే, ఎందుకంటే ఒకటి మొదటి రిసార్ట్ గురించి మాట్లాడుతోంది, రెండోది పదో రిసార్ట్ గురించి.

## కేరళలో ఏం చేశారు, ఎక్కడ ఆగారు

మన దిండిని కేరళతో పోల్చి మురిసిపోతుంటాం కాబట్టి ఆ సంగతి కూడా చూడాలి. కుమరకంలో రిసార్టులు పెరిగి ఊరివాళ్లకీ వాళ్లకీ పడలేదు. 2008 నుంచి అక్కడ పంచాయతీ, టూరిజం శాఖ, కుటుంబశ్రీ మహిళా సంఘాలు కలిసి ఒక పద్ధతి పెట్టాయి: హోటళ్లకి కావాల్సిన కూరగాయలు, కొబ్బరికాయలు, గుడ్లు ఊళ్లోనే పండించి, ధర ముందే మాట్లాడుకుని సప్లై చెయ్యడం, టూరిస్టుని తాడు పేనే చోటికి, చాప అల్లే ఇంటికి తీసుకెళ్లి ఆ ఇంటివాళ్లకే డబ్బు ఇప్పించడం. 2017లో దాన్ని రాష్ట్రం మొత్తానికి మిషన్‌గా చేశారు. మన దగ్గర డ్వాక్రా సంఘాలు ఉన్నాయి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్ ఉంది, పీచు పని ఉంది, కాబట్టి అతుకు కుదరనిది ఏమీ లేదు. పైన వేసిన లెక్కలో రిసార్ట్ 5,000 తిండి ఖర్చులో 1,500 ఊళ్లో కొంటోంది కదా, అది 3,000 అయితే రిసార్ట్ మూతపడక్కర్లేదు, ఊళ్లో ఆగేది 5,500 నుంచి 7,000 అవుతుంది.

కానీ అదే కేరళలో వేంబనాడు సరస్సులో హౌస్‌బోట్లు లెక్కకి మించి, డీజిలు, మురుగు నీళ్లలో కలిసి ఇప్పటికీ తగువే. డబ్బు పంచుకోవడం నేర్చుకున్నారు, పడవల సంఖ్యకి కళ్లెం వెయ్యడం కుదరలేదు. రెండూ వేర్వేరు పనులు, ఒకటి చేస్తే రెండోది దానంతటదే అవదు.

## పుష్కరాలకి ఏం పట్టి చూడాలి

ఈ లెక్కలన్నీ ఒకేసారి మీద పడేది 2027లో. 2015 పుష్కరాలు జూలై 14న మొదలయ్యాయి, మొదటి రోజే రాజమండ్రి పుష్కర ఘాట్‌లో తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు, కాబట్టి ఈసారి ప్లానింగ్ అంతా ఘాట్లు, క్యూలు, బారికేడ్ల మీదే ఉంటుంది, ఉండాలి కూడా. అయితే స్నానం అయిపోయాక జనం అక్కడే ఉండరు, కోటిపల్లి, ముక్తేశ్వరం, అంతర్వేది అంటూ కోనసీమలోకి దిగుతారు. వచ్చేది వర్షాకాలం మొదట్లో, అంటే కాలవలకి నీళ్లు వదిలి, నారుమళ్లు పోసి, దమ్ము ట్రాక్టర్లు గట్ల మీద తిరిగే రోజులు. నాట్లకి కూలీలు దొరకని రోజులు కూడా అవే, అప్పుడే టీకొట్లు, పార్కింగు, గదులు కడిగే పని రోజుకి ఎక్కువ డబ్బిస్తుంది.

అప్పటికి గట్టు రోడ్డు వెడల్పు అవదు. మా ఊళ్లో ఇప్పటికే ఒక చిన్న ప్రయోగం మొదలైంది, కార్లు బడి గ్రౌండ్‌లో ఆపించి, గట్టు మీదకి నడిచి వెళ్లమని, కారుకి యాభై తీసుకుని అది పారిశుధ్యానికి ఖర్చుపెడదామని పంచాయతీలో అనుకున్నారు. బొండాల కుర్రాడు ఒప్పుకోలేదు, నడిచేవాళ్లు తన బండి దాకా రారని. చివరికి బండి బడి గేటు దగ్గర పెట్టుకోమన్నారు. పాలాయన మాత్రం ఇంకా నమ్మట్లేదు, "చూద్దారండి, వచ్చే సంక్రాంతికి" అన్నాడు.